డీజిల్ ధరలు - లారీల సమ్మెలు

డీజిల్ ధరల పెరుగుదలకు నిరసనగా లారీ యజమానులు, డ్రైవర్లు వాహనాలను నిలిపివేసి సరకు రవాణాను ఆపడాన్ని లారీల సమ్మె లేదా లారీల బంద్ అంటారు. ఉత్తర భారతదేశంలో దీనిని చక్కా జామ్ అని పిలుస్తారు. భారతదేశంలో ఇటువంటి సమ్మెలకు ఎక్కువగా పిలుపునిచ్చే సంస్థ 1936లో ఏర్పడిన ఆలిండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని లారీ యజమానుల సంఘాలు కూడా వీటిలో పాల్గొన్నాయి.

ఈ సమ్మెలలో ప్రభుత్వానికి మూడు పాత్రలు ఉన్నాయి. అది డీజిల్‌పై పన్ను వసూలు చేస్తుంది, సమ్మె చేసేవారితో చర్చలు జరుపుతుంది, సమ్మె కాలంలో నిత్యావసర వస్తువుల సరఫరాకు బాధ్యత వహిస్తుంది. లారీ కిరాయి మాత్రం ప్రభుత్వం నిర్ణయించేది కాదు. డీజిల్ ధర పెరిగినంత వేగంగా కిరాయి పెరగకపోవడమే ఈ సమ్మెలకు మూలకారణం.

ధర నిర్ణయంలో మార్పులు

భారతదేశం తనకు కావలసిన ముడి చమురులో 80 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటుంది. 2002 మార్చి వరకు డీజిల్ ధరను కేంద్ర ప్రభుత్వమే నిర్ణయించేది. 2002 ఏప్రిల్ 1న ఈ విధానాన్ని అధికారికంగా రద్దు చేసినప్పటికీ, ఆచరణలో ధర పెంచాలన్నా తగ్గించాలన్నా కేంద్రం అనుమతి అవసరమయ్యేది. అంతర్జాతీయ ధర పెరిగినప్పుడు చమురు కంపెనీలకు వచ్చే లోటులో కొంత భాగాన్ని ప్రభుత్వం బాండ్ల రూపంలో భర్తీ చేసేది.

2013 జనవరి నుండి డీజిల్ ధరను నెలకు సుమారు 50 పైసల చొప్పున పెంచుకోవడానికి కంపెనీలకు అనుమతి లభించింది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణను పూర్తిగా తొలగించారు. 2017 జూన్ 16 నుండి దేశమంతటా ధరలను ప్రతిరోజూ సవరించే పద్ధతి అమలులోకి వచ్చింది.

ఈ మార్పుల వలన సమ్మెల కోరికలు కూడా మారాయి. 2014కు ముందు లారీ సంఘాలు నేరుగా ధర తగ్గించమని కోరేవి. ఆ తరువాత ధర కంపెనీల నిర్ణయమని కేంద్రం చెప్పసాగింది. అందువలన సంఘాలు పన్నుల తగ్గింపుపైన, డీజిల్‌ను వస్తు సేవల పన్ను (జీఎస్టీ) పరిధిలోకి తీసుకురావడంపైన దృష్టి పెట్టాయి.

పన్నులు

డీజిల్‌పై కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని, రాష్ట్రాలు విలువ ఆధారిత పన్నును (వ్యాట్) విధిస్తాయి. కేంద్ర సుంకం లీటరుకు ఇన్ని రూపాయలని స్థిరంగా ఉంటుంది. తెలంగాణలో వ్యాట్ శాతాలలో ఉంటుంది. 2015 జనవరిలో ఈ రాష్ట్రం డీజిల్‌పై వ్యాట్‌ను 22.25 శాతం నుండి 27 శాతానికి పెంచింది. ఆంధ్ర ప్రదేశ్ 22.25 శాతాన్ని కొనసాగిస్తూ, 2015 ఫిబ్రవరిలో లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను చేర్చింది.

వ్యాట్‌ను కేంద్ర సుంకం కలిసిన ధరపై లెక్కిస్తారు. కాబట్టి కేంద్రం సుంకాన్ని పెంచినప్పుడల్లా రాష్ట్ర ఆదాయం కూడా పెరుగుతుంది, తగ్గించినప్పుడు తగ్గుతుంది. 2021 నవంబరు 4న కేంద్రం డీజిల్‌పై సుంకాన్ని 10 రూపాయలు తగ్గించింది. తెలంగాణ తన పన్ను శాతాన్ని మార్చకపోయినా, 27 శాతం లెక్కన లీటరు ధర సుమారు 12 రూపాయల 70 పైసలు తగ్గింది. ఆనాడు హైదరాబాదులో లీటరు డీజిల్ ధర 94.62 రూపాయలు.

2020 మార్చి, మే నెలలలో అంతర్జాతీయ మార్కెట్లో చమురు ధర బాగా పడిపోయినప్పుడు, కేంద్రం డీజిల్‌పై సుంకాన్ని వరుసగా 3 రూపాయలు, 13 రూపాయలు పెంచింది. దీనితో ఆ తగ్గుదల ప్రయోజనం కొనుగోలుదారులకు చేరలేదు. అదే సంవత్సరం జూన్ 24న ఢిల్లీలో డీజిల్ ధర తొలిసారిగా పెట్రోలు ధరను మించింది.

2021 ఫిబ్రవరిలో లీటరు డీజిల్‌పై కేంద్ర సుంకం 31.80 రూపాయలు. అందులో రాష్ట్రాలకు పంచవలసిన మూల ఎక్సైజ్ సుంకం 1.80 రూపాయలు మాత్రమే. మిగిలినది సెస్సుల రూపంలో, ప్రత్యేక అదనపు సుంకం రూపంలో కేంద్రానికే చెందేది. పన్ను ముందుగా ఎవరు తగ్గించాలన్న విషయంపై కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య వచ్చిన వివాదాలకు ఇది ముఖ్య కారణం.

రాజ్యాంగం 101వ సవరణ (2016) ప్రకారం డీజిల్‌పై జీఎస్టీ ఏ తేదీ నుండి విధించాలో జీఎస్టీ మండలి సిఫారసు చేయాలి. 2021 సెప్టెంబరు 17న లక్నోలో జరిగిన మండలి 45వ సమావేశం అందుకు ఇంకా సమయం రాలేదని నిర్ణయించింది.

కిరాయి లెక్క

లారీ నడిపే ఖర్చులో డీజిల్‌దే పెద్ద భాగం. దానితోపాటు టోల్ రుసుము, టైర్లు, బీమా, డ్రైవరు, క్లీనర్ల జీతం, బత్తా, ఫైనాన్సు వాయిదాలు ఉంటాయి. ఉదాహరణకు లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ రానుపోను 800 కిలోమీటర్ల ప్రయాణానికి 200 లీటర్ల డీజిల్ తాగుతుంది. లీటరుకు 3 రూపాయలు పెరిగితే ఆ ఒక్క ప్రయాణంపై 600 రూపాయల భారం పడుతుంది. ధర 12 రూపాయలు పెరిగితే భారం 2,400 రూపాయలవుతుంది.

పెద్ద రవాణా కంపెనీలు డీజిల్ ధరను బట్టి కిరాయి మారేటట్లు వ్యాపార సంస్థలతో ఒప్పందాలు చేసుకోగలవు. దేశంలో లారీ యజమానులలో అధికులు ఐదు లారీల లోపు కలిగినవారు. ఒకే లారీ కొనుక్కొని స్వయంగా నడుపుకొనేవారూ ఉన్నారు. వీరికి సరకు దొరికేది ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల ద్వారా, బ్రోకర్ల ద్వారా. సరకు తక్కువగా, లారీలు ఎక్కువగా ఉన్న రోజులలో పాత కిరాయికే లోడు ఎత్తవలసి వస్తుంది. ఖాళీగా తిరిగి రావడం కంటే కొంత నష్టానికైనా రిటర్న్ లోడు తెచ్చుకోవడం మేలని యజమాని భావిస్తాడు. బాకీ కిరాయి ఆలస్యంగా అందినా, డీజిల్‌కు మాత్రం బంకులో అప్పటికప్పుడే చెల్లించాలి.

1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలు సరకు వాహనాల కిరాయికి కనిష్ఠ, గరిష్ఠ పరిమితులను నిర్ణయించేటట్లు ఆదేశాలు ఇవ్వవచ్చు. అయితే ఈ అధికారాన్ని బస్సు ఛార్జీల విషయంలో ఉపయోగించినంతగా లారీ కిరాయిల విషయంలో ఉపయోగించలేదు.

ముఖ్యమైన సమ్మెలు

* 2003 ఏప్రిల్: సుమారు 10 రోజులు సాగింది. డీజిల్ ధరలు, వ్యాట్ ప్రతిపాదన ప్రధానాంశాలు.
* 2004 ఆగస్టు: రవాణా బుకింగ్‌లపై సేవా పన్నుకు వ్యతిరేకంగా సుమారు వారం రోజులు జరిగింది.
* 2008 జూలై: అదే సంవత్సరం జూన్ 5న డీజిల్ ధర లీటరుకు 3 రూపాయలు పెరిగిన తరువాత జరిగింది.
* 2009 జనవరి 5 - 12: డీజిల్ ధరను లీటరుకు 10 రూపాయలు తగ్గించాలన్నది ప్రధానమైన కోరిక. జనవరి 7 నుండి చమురు కంపెనీల అధికారులు కూడా సమ్మె చేయడంతో పలుచోట్ల ఇంధన కొరత ఏర్పడింది.
* 2015 అక్టోబరు 1 - 5: టోల్‌గేట్ల విధానానికి వ్యతిరేకంగా జరిగింది.
* 2018 జూలై 20 - 27: డీజిల్‌ను జీఎస్టీలో చేర్చాలని, టోల్‌గేట్లు తొలగించాలని, థర్డ్ పార్టీ బీమా ప్రీమియం తగ్గించాలని కోరారు.

2024 జనవరి మొదటి రెండు రోజులలో జరిగిన సమ్మె వీటికి భిన్నమైనది. ఇది డీజిల్ ధరకు సంబంధించినది కాదు. ప్రమాదం చేసి సమాచారం ఇవ్వకుండా వెళ్ళిపోయే డ్రైవర్లకు 10 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించే భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షనుకు వ్యతిరేకంగా డ్రైవర్లే వాహనాలు నిలిపివేశారు. ట్యాంకర్లు ఆగిపోవడంతో హైదరాబాదులో పెట్రోలు బంకుల వద్ద పెద్ద వరుసలు ఏర్పడ్డాయి. 2024 జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను అమలులోకి తేలేదు.

ప్రభుత్వ స్పందన

సమ్మె మొదలైనప్పుడు ప్రభుత్వాలు సాధారణంగా పాలు, కూరగాయలు, మందులు, ఇంధనం రవాణాకు ఆటంకం కలగకుండా చర్యలు తీసుకుంటాయి. సంఘాలు కూడా తరచుగా వీటికి మినహాయింపు ఇస్తాయి. 2009 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం అత్యవసర సేవల నిర్వహణ చట్టాన్ని (ఎస్మా) ప్రయోగించగా, సంఘ నాయకులు కొందరు అరెస్టయ్యారు. సమ్మె ముగిసిన తరువాత జనవరి 28న కేంద్రం డీజిల్ ధరను 2 రూపాయలు తగ్గించింది. అప్పటికి అంతర్జాతీయ చమురు ధర 2008 జూలైలో ఉన్నదానితో పోలిస్తే సగానికంటే తక్కువకు పడిపోయింది.

2018 సమ్మెకు కొద్ది రోజుల ముందు లారీలు మోయదగిన బరువు పరిమితిని కేంద్రం పెంచింది. సమ్మె విరమణ సందర్భంగా ఫిట్‌నెస్ ధ్రువపత్రాల నియమాల సడలింపు వంటి కొన్ని హామీలు ఇచ్చింది. జీఎస్టీ కోరిక మాత్రం నెరవేరలేదు. బరువు పరిమితి పెంపు వలన అంతే సరకును తక్కువ లారీలు మోయగలవు. కాబట్టి ఇది పెద్ద లారీలు కలిగినవారికి అనుకూలించినా, లారీల సంఖ్య అప్పటికే ఎక్కువగా ఉన్న మార్గాలలో చిన్న యజమానులకు పోటీని పెంచేది.

హాలియా, సాగర్ ఆయకట్టు ప్రాంతం

నల్గొండ జిల్లా అనుముల మండల కేంద్రమైన హాలియా, నకిరేకల్ - నల్గొండ - నాగార్జునసాగర్ - మాచర్ల మార్గంలో, 565వ నంబరు జాతీయ రహదారిపై ఉంది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత ఎడమ కాలువ కింద వరి సాగు విస్తరించింది. హాలియా, మిర్యాలగూడ ప్రాంతాలలో రైసుమిల్లులు వెలిశాయి. దామరచర్ల, హుజూర్‌నగర్ వైపు సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. వడ్లు, బియ్యం, సిమెంటు, ఎరువుల రవాణా ఇక్కడి లారీలకు ప్రధానమైన ఆధారం.

ఈ ప్రాంతంలో సమ్మె ప్రభావం అది వచ్చే నెలను బట్టి మారుతుంది. ఏప్రిల్, మే నెలలలో యాసంగి వడ్లు కల్లాలకు, కొనుగోలు కేంద్రాలకు వస్తాయి. ఆ సమయంలో లారీలు ఆగితే తూకం వేసిన బస్తాలు కేంద్రంలోనే ఉండిపోతాయి. అకాల వర్షం కురిస్తే వడ్లు తడుస్తాయి. హమాలీలకు పని ఉండదు. జూలైలో సమ్మె వస్తే ఎరువుల సరఫరాకు ఇబ్బంది కలుగుతుంది. ట్రిప్పుల లెక్కన బత్తా పొందే డ్రైవర్లు, క్లీనర్లు సమ్మె రోజుల ఆదాయాన్ని కోల్పోతారు. లారీ నిలిచినా యజమానికి ఫైనాన్సు వాయిదా నిలవదు.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో నాగార్జునసాగర్, వాడపల్లి వద్ద కృష్ణా నది రాష్ట్ర సరిహద్దు అయింది. 2015 ఏప్రిల్ నుండి తెలంగాణ ఆంధ్ర ప్రదేశ్ వాహనాలపై ప్రవేశ పన్ను వసూలు చేయసాగింది. ఉభయ రాష్ట్రాలకు ఒకే పర్మిట్ ఇవ్వాలన్నది ఆ తరువాత లారీ సంఘాల కోరికలలో చేరింది. రాష్ట్రాల పన్నులు వేరువేరు కావడం వలన డీజిల్ ధర కూడా సరిహద్దు దాటగానే మారుతుంది. 2022 మే తగ్గింపు తరువాత లీటరు డీజిల్ హైదరాబాదులో 97.82 రూపాయలు, బెంగుళూరులో 87.89 రూపాయలు ఉండేది. దీని వలన కర్ణాటక మీదుగా వెళ్ళే లారీలకు అక్కడ ట్యాంకు నింపుకోవడం లాభదాయకమయింది. జిల్లాలోనే తిరిగే లారీకి ఆ అవకాశం లేదు.

ఇతర దేశాలలో

1973 చమురు సంక్షోభం తరువాత అమెరికాలో సొంత ట్రక్కులు నడుపుకొనేవారు రహదారులను దిగ్బంధించారు. 1974 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇంధన భారం కింద కిరాయిపై 6 శాతం అదనంగా వసూలు చేసుకోవడానికి అనుమతి లభించింది. 2000 సెప్టెంబరులో బ్రిటన్‌లో రైతులు, లారీ యజమానులు చమురు శుద్ధి కర్మాగారాలను అడ్డగించారు.

2018 మేలో బ్రెజిల్‌లో జరిగిన ట్రక్కు డ్రైవర్ల సమ్మె వలన దేశమంతటా ఇంధనానికి, ఆహార పదార్థాలకు కొరత ఏర్పడింది. అక్కడి ప్రభుత్వం లీటరు డీజిల్ ధరను 0.46 రియల్ తగ్గించడమే కాక, సరకు రవాణాకు కనీస కిరాయిని చట్టబద్ధం చేసింది. అమెరికా, బ్రెజిల్ ఒప్పందాలు డీజిల్ ధరతోపాటు కిరాయిని కూడా పరిష్కారంలో చేర్చాయి. పైన పేర్కొన్న భారతదేశపు సమ్మెలలో చర్చలు ఎక్కువగా పన్నులు, టోల్, బీమా చుట్టూ సాగాయి.

ఇవి కూడా చూడండి

* హాలియా
* నాగార్జునసాగర్
* మిర్యాలగూడ
* వస్తు సేవల పన్ను
* మోటారు వాహనాల చట్టం, 1988