గంటలు పోసే ఊరు, తలుపులు తెరిచే కౌంటీ

1963 జులై 27. ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న లెస్టర్‌షైర్ కౌంటీలో లఫ్‌బరో అనే పట్టణం. అక్కడి గంటల కర్మాగారానికి సొంత గోపురం ఒకటుంది. ఆ రోజు ఎనిమిదిమంది అందులోకి వెళ్లి తలా ఒక తాడు పట్టుకున్నారు. మళ్లీ వాళ్లు ఆ తాళ్లు వదిలేసరికి తేదీ మారిపోయింది. 17 గంటల 58 నిమిషాల సేపు ఎవరూ పక్కకు తప్పుకోలేదు, ఒకరి చోట ఇంకొకరు రాలేదు. చూసి మోగించడానికి ఎదురుగా కాగితమూ లేదు. ఎనిమిది గంటలను ఎన్ని వరుసల్లో మోగించే వీలుందో అన్నిటినీ, ఏ ఒక్కటీ రెండోసారి రాకుండా, మోగించి బయటికి వచ్చారు. మొత్తం 40,320 వరుసలు. అంతకు రెండు వందల ఏళ్ల కిందట, 1761లో, కెంట్ కౌంటీలోని లీడ్స్ గ్రామంలో ఈ సాహసం చేశారు కానీ, అక్కడ 27 గంటలు పట్టింది, మనుషులు మారుతూ వచ్చారు. గోపుర గంటల మీద మొదటినుంచి చివరిదాకా ఒకే జట్టు నిలబడింది లఫ్‌బరోలోనే.

ఈ గోపురం లాంటివి, వాటి చుట్టూ ఉన్న చిన్నచిన్న మ్యూజియాలు, మామూలు రోజుల్లో తాళం వేసి ఉండే పాత ఇళ్లు, కర్మాగారాలు, ప్రార్థనాలయాలు ఇంగ్లండు అంతటా ఏటా సెప్టెంబరులో తలుపులు తెరుస్తాయి. ఆ పండగ పేరు హెరిటేజ్ ఓపెన్ డేస్. ఫ్రాన్సులో 1984లో మొదలైన ఆలోచన యూరప్ అంతా పాకి, 1994లో ఇంగ్లండుకు చేరింది. టికెట్టు ఉండదు. చూపించేవాళ్లు, వివరించేవాళ్లు చాలామట్టుకు ఆ ఊరివాళ్లే, జీతంలేని సేవకులే. పిల్లల్ని వెంటబెట్టుకుని గోపురం మెట్లెక్కిస్తారు, గంటలు చూపిస్తారు, కొన్నిచోట్ల తాడు చేతికిచ్చి లాగిస్తారు కూడా.

లెస్టర్‌షైర్ చరిత్ర అంటే బయటి ప్రపంచానికి తెలిసింది మూడో రిచర్డ్ కథ. 1485లో బోస్‌వర్త్ యుద్ధంలో చనిపోయిన ఆ రాజు అస్థిపంజరం 2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ పార్కింగ్ కింద దొరికింది. 2015 మార్చిలో కెథీడ్రల్లో మళ్లీ సమాధి చేశారు. ఆ కథను ప్రపంచంలో ప్రతి పత్రికా రాసింది. నా దృష్టిలో ఈ కౌంటీ అసలు సంపద దానికి పక్కన, చిన్న ఊళ్లలో ఉంది.

మార్కెట్ హార్బరో సంగతే చూడండి. సిమింగ్టన్ అనే కంపెనీ ఆడవాళ్ల కార్సెట్లు కుట్టించిన పాత ఫ్యాక్టరీ భవనంలోనే ఇప్పుడు ఆ ఊరి మ్యూజియం ఉంది. అందులో హాలటన్ నిధి ఉంది. హాలటన్ గ్రామం దగ్గర 2000 సంవత్సరంలో స్థానిక ఔత్సాహికులు పొలాల్లో నడుస్తూ వెతుకుతుంటే బయటపడింది. తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయం పురావస్తు నిపుణులు తవ్వారు. ఇనుప యుగం నాటి వెండి, బంగారు నాణేలు 5000కు పైగా దొరికాయి. వాటితోపాటు ఇనుము మీద వెండి రేకు తొడిగి, బంగారు పూత పెట్టిన రోమన్ అశ్వికుడి శిరస్త్రాణం కూడా దొరికింది. ఇంత నిధి దొరికితే దాన్ని రాజధానికి తరలించడమే ఎక్కడైనా జరిగేది. ఇక్కడ మాత్రం కౌంటీ పట్టుబట్టి దాచుకుంది. వెతికి తీసినవాళ్లు తమ ఊరికి కొన్ని మైళ్ల దూరంలోనే వెళ్లి దాన్ని చూసుకోగలుగుతున్నారు. స్థానిక మ్యూజియానికి ఇంతకంటే పెద్ద సార్థకత ఏముంటుందో నాకు తెలియదు.

అయితే గాజుపెట్టెలో పెట్టిన శిరస్త్రాణాన్ని ఎవరూ మళ్లీ తలకు పెట్టుకోరు. గంట అలా కాదు. మూడు వందల ఏళ్ల కిందట పోసిన గంటను ఈ ఆదివారం కూడా మోగిస్తారు. దాన్ని మోగించే పద్ధతి కూడా చేతినుంచి చేతికి అందుతూ వచ్చిందే. అందుకే ఈ పండగలో నా మనసు గోపురాల వైపే లాగుతుంది.

ఇంగ్లండు గంటలకు ఒక ప్రత్యేకత ఉంది. మిగతా చోట్ల గంట అటూ ఇటూ ఊగుతుంది, లేదా కదలకుండా ఉంటే నాలుకతోనో సుత్తితోనో కొడతారు. ఇక్కడ గంటను పెద్ద చెక్క చక్రానికి బిగిస్తారు. మోగించే ముందు దాన్ని తలకిందులుగా, నోరు ఆకాశం వైపు ఉండేలా నిలబెడతారు. తాడు లాగగానే అది కిందికి దిగి, నిండు చుట్టు తిరిగి, మళ్లీ నోరు పైకి వచ్చి ఆగుతుంది. ఆ చుట్టుకు ఒక్కసారే మోగుతుంది. టన్ను బరువున్న గంటయినా ఆ పైస్థానంలో తూకం కుదిరి నిలుస్తుంది కాబట్టి, మోగించేవాడు దాన్ని క్షణకాలం ఆపి ఉంచగలడు, లేదా కాస్త ముందే దించగలడు. బలం కన్నా చేతి నేర్పు ముఖ్యం. 1896లో ఆలిస్ వైట్ అనే మహిళ, ఐదు వేల వరుసలు ఏకబిగిన మోగించే ‘పీల్’లో మొదటిసారి పాల్గొన్నప్పుడు, ఇది మగవాళ్ల కండబలంతో పని అన్న మాటకు విలువ లేకుండా పోయింది.

గంటను అంత కొద్దిగా మాత్రమే ముందుకో వెనక్కో జరపగలరు కాబట్టి దానిమీద పాట వాయించడం కుదరదు. కుదిరేది ఒక్కటే, వరుస మార్చడం. ఒక వరుసనుంచి తర్వాతి వరుసకు ఏ గంటయినా ఒక్క స్థానమే జరగాలి. మూడు గంటలుంటే 123, 213, 231, 321, 312, 132, ఆ తర్వాత మళ్లీ 123. ఆరు వరుసలతో అయిపోయింది. ఐదు గంటలైతే 120, ఆరైతే 720, ఏడైతే 5,040. పన్నెండు గంటలకు 47 కోట్ల 90 లక్షలు దాటుతుంది. రాత్రింబవళ్లు మోగించినా ముప్పై ఏళ్లు చాలవు. దీన్నే ఛేంజ్ రింగింగ్ అంటారు. రిచర్డ్ డక్‌వర్త్ రాసిన టింటినలోజియా 1668లో, ముద్రాపకుడు ఫేబియన్ స్టెడ్‌మన్ రాసిన కాంపనలోజియా 1677లో వచ్చి ఈ విద్యకు శాస్త్రం కట్టాయి. 1715 మే 2న నారిచ్ నగరంలోని సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ చర్చిలో 5,040 వరుసలను 3 గంటల 18 నిమిషాల్లో మోగించారు. నమోదైన మొదటి నిజమైన పీల్ అదేనంటారు. ఇప్పటికీ పీల్ అనాలంటే కనీసం ఐదు వేల వరుసలు మోగించాలి.

ఆ 5,040 దగ్గర తెలుగువాడు ఒక్కసారి ఆగాలి. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం, స రి గ మ ప ద ని అనే ఏడు స్వరాలను ఎన్ని క్రమాల్లో పేర్చవచ్చో లెక్కకట్టి 5,040 అని తేల్చింది. ఆ వరుసల్లో ఫలానా సంఖ్య దగ్గర ఏ వరుస వస్తుందో చెప్పే ఖండమేరువు అనే పట్టికను కూడా ఇచ్చింది. ఆ గ్రంథానికి సంగీతసుధాకరం పేరుతో వ్యాఖ్య రాసింది రాచకొండను ఏలిన రేచర్ల సింగభూపాలుడు. దేవగిరి కొలువులో తేలి, నల్లగొండ సీమ కోటలో సంస్కృత వ్యాఖ్యకెక్కిన లెక్క, మూడు శతాబ్దాల తర్వాత ఇంగ్లండు చర్చి గోపురాల్లో తాళ్ల మీద సాగిన లెక్క ఒకదాన్ని ఒకటి ఎరగవు. ఎరగకుండానే ఒకే అంకెకు చేరాయి. అక్కడ స్వరాల వరుసలు శాస్త్రగ్రంథంలో నిలిచాయి. ఇక్కడ రైతులు, కమ్మరులు, వడ్రంగులు వారానికోసారి వాటిని ఒళ్లు చెమటలు పట్టేలా మోగించారు. రెండూ నాకు సమానంగా గొప్పగా తోస్తాయి.

తిరిగి లఫ్‌బరోకు వద్దాం. అక్కడి గంటల కర్మాగారాన్ని స్థాపించిన టేలర్ కుటుంబం ఈ వృత్తిలోకి వచ్చింది 1784లో. 1839లో జాన్ టేలర్ లఫ్‌బరో పెద్ద చర్చి గంటలను కరిగించి తిరిగి పోయడానికి ఈ ఊరికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. 1859నుంచి కర్మాగారం ఇప్పుడున్న స్థలంలోనే ఉంది. లండన్‌లోని వైట్‌చాపెల్ ఫౌండ్రీ, బిగ్ బెన్‌ను పోసిన సంస్థ, 2017లో మూతపడ్డాక బ్రిటన్‌లో మిగిలిన పెద్ద గంటల ఫౌండ్రీ ఇదొక్కటే.

గంట పోత చూడదగ్గది. లోపలి అచ్చు, పైఅచ్చు విడివిడిగా చేస్తారు. ఇసుక, బంకమన్ను, మేక వెంట్రుకలు, గుర్రపు లద్దె కలిపిన మట్టితో వాటిని మెత్తుతారు. లద్దెలోని గడ్డిపీచు కాలిపోయి సన్నని రంధ్రాలు మిగుల్తాయి, పోతలో పుట్టే వాయువులు వాటిగుండా బయటికి పోతాయి. గంట మీద కనబడాల్సిన అక్షరాలను పైఅచ్చు లోపల తిరగరాతలో అద్దుతారు. రెండు అచ్చుల మధ్య ఖాళీలో కరిగిన కంచు పోస్తారు. అందులో రాగి సుమారు 77 పాళ్లు, తగరం 23 పాళ్లు. పెద్ద గంట చల్లారడానికి రోజులు పడుతుంది.

అసలు విద్య ఆ తర్వాతే. ఒక్క దెబ్బకు గంట ఒక్క స్వరమే పలకదు. కనీసం ఐదు స్వరాలు వినదగ్గంత గట్టిగా కలిసి లేస్తాయి. అవి ఒకదానితో ఒకటి పొసగకపోతే గంట చెవికి అపశ్రుతిగా ఉంటుంది. కేనన్ ఆర్థర్ సింప్సన్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఈ లోపం మీద 1895, 1896లలో వ్యాసాలు రాశాడు. టేలర్ సంస్థ ఆ సూచనను అందుకుంది. గంట లోపలి గోడను లేతు మీద ఏ ఎత్తులో ఎంత గీకితే ఏ స్వరం దిగుతుందో కనిపెట్టి ఐదింటినీ శ్రుతిలోకి తెచ్చింది. ఆ ఐదింట్లో ఒకటి షడ్జమానికి మన సాధారణ గాంధారమంత ఎడంలో ఉంటుంది. దూరంనుంచి వినే గంటానాదంలో సంతోషం మీద సన్నగా పరుచుకునే ఆ దిగులు దాన్నుంచి వచ్చిందే.

ఇక్కడ పోసిన గంటల్లో అతి పెద్దది గ్రేట్ పాల్, పదహారున్నర టన్నులు. 1881లో పోసి, ఆవిరి యంత్రంతో రోడ్డు మీదుగా లండన్ సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌కు లాగించారు. పదకొండు రోజులు పట్టింది. ముంబయి కొలాబాలో ఆఫ్ఘన్ చర్చిగా పిలిచే ఆలయం గోపురంలోని ఎనిమిది గంటలు కూడా ఈ ఊరివే.

లఫ్‌బరో క్వీన్స్ పార్కులో 151 అడుగుల ఎత్తున ఒక గోపురం లేచి ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన ఊరివాళ్ల స్మారకం. వాళ్లు రాతిఫలకంతో సరిపెట్టలేదు. గంటల ఊరు కాబట్టి గంటలతోనే స్మరించుకోవాలనుకున్నారు. 47 గంటల కారిలాన్ కట్టారు. తాళ్లు ఉండవు. ఒక్కరే బల్ల ముందు కూర్చుని చెక్క కడ్డీలను పిడికిళ్లతో, పాదాలతో నొక్కుతూ వీటిమీద నిజంగానే పాటలు వాయిస్తారు. 1923 జులైలో ప్రారంభోత్సవానికి ఎడ్వర్డ్ ఎల్గార్ ప్రత్యేకంగా సంగీతం కూర్చాడు. నాలుగు టన్నులు దాటిన అన్నిటికన్నా పెద్ద గంటను ఇచ్చింది ఫౌండ్రీ యజమాని డెనిసన్ టేలరే, యుద్ధంలో పోయిన తన అన్న కొడుకులు ముగ్గురి జ్ఞాపకంగా. ఆ గోపురం అంతస్తుల్లోనే ఇప్పుడు యుద్ధ స్మారక మ్యూజియం ఉంది. మెట్లెక్కుతూ సైనికుల దుస్తులు, పతకాలు చూసుకుంటూ పోతే పైన గంటలు ఎదురవుతాయి. మ్యూజియం, గంట వేర్వేరు కాకుండా ఒకే కట్టడమైన చోటు ఇది. గంట పోసే ఇంటివాడే తన ఇంటి దుఃఖాన్ని గంటగా పోసి ఊరికి ఇచ్చిన సంగతి చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమ్మగిలుతాయి.

ఆ యుద్ధంలో బ్రిటన్ దాదాపు 1,400 మంది గంట మోగించేవాళ్లను పోగొట్టుకుంది. కొన్ని గోపురాల్లో జట్లే లేకుండా పోయాయి. రెండో యుద్ధంలో 1940 జూన్ నుంచి గంటలు మోగించడాన్ని నిషేధించారు. శత్రువు దిగినప్పుడు హెచ్చరికగా మాత్రమే మోగాలని ఆజ్ఞ. ఎల్ అలమైన్ విజయం తర్వాత 1942 నవంబరు 15న ఒక్కరోజు మోగనిచ్చారు, 1943లో నిషేధం ఎత్తేశారు. మొదటి యుద్ధం ముగిసి నూరేళ్లయిన 2018లో, పోయినవారి సంఖ్యకు సమానంగా 1,400 మంది కొత్తవాళ్లు తాడు పట్టాలని పిలుపునిచ్చారు. లక్ష్యాన్ని మించి వచ్చారు. 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకానికి ముందు మళ్లీ అలాంటి పిలుపే ఇచ్చారు. ఇంగ్లండులో ఇలా మోగించదగిన గోపురాలు 5000కు పైగా ఉన్నాయి. ప్రతిదానికీ మనుషులు కావాలి కదా.

టేలర్ ఫౌండ్రీ కూడా 2009లో దివాలా అంచుకు వెళ్లింది. గంటలంటే ప్రాణమిచ్చే కొందరు కలిసి కొనుక్కుని నిలబెట్టారు. తర్వాత పాత భవనాల మరమ్మతుకు, మ్యూజియం పునరుద్ధరణకు నేషనల్ లాటరీ హెరిటేజ్ ఫండ్ సాయం అందింది. ఇప్పుడు మ్యూజియం గదులకు అవతలే కొలిమి పనిచేస్తుంది. ఊళ్లనుంచి పగిలిన గంటలు, శ్రుతి తప్పిన గంటలు అక్కడికి వస్తూనే ఉన్నాయి.

బ్రిటన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు సెప్టెంబరులో ఒక ఆదివారం ఇక్కడికి కేటాయించమని చెప్తాను. లెస్టర్ నుంచి లఫ్‌బరోకు రైల్లో పావుగంట కూడా పట్టదు. చర్చి గోపురమే అయినా చాలాచోట్ల మతం ఏమిటని అడగరు. తాడు లాగడం నేర్చుకోవాలనుకుంటే, ముందు ఒకరు వెనక నిలబడి మీ చేతుల మీద చేతులు వేసి పట్టిస్తారు. గంటను ఒంటరిగా అదుపులో పెట్టడానికి కొన్ని వారాలు, వరుసలు మార్చడానికి కొన్ని నెలలు పడుతుంది. పిల్లలు పెద్దవాళ్లకన్నా త్వరగా పట్టేస్తారు.