ఒకే తేది - రెండు దినములు

ఆంగ్లనాటకకర్త యగు షేక్స్పియరును, స్పెయినుదేశపు మహారచయిత యగు సెర్వాంటెసును 1616వ సంవత్సరము ఏప్రిలు 23వ తేదిని ఒక్కనాఁడే మరణించి రను మాట లోకమునఁ బ్రబలి యున్నది. 1995లో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ యీ తేదినే ప్రపంచ గ్రంథదినముగా నేర్పఱచుటచే నామాటకు మఱింత వ్యాప్తి గలిగినది. అయినను, తేది యొక్కటి యైనంతమాత్రమున దినమును ఒక్కటియే యగునా యనునది విచారణీయము.

జూలియసు సీజరు క్రీ. పూ. 45లో ప్రవర్తింపఁజేసిన పంచాంగమున సంవత్సరమునకు 365 దినముల 6 గంటలు. సాయనసౌరవర్షము ఇంతకంటె రమారమి 11 నిమిషములు తక్కువ. ఈ స్వల్పభేదము సుమారు 128 ఏండ్ల కొక దినమై పెరుగుచు వచ్చెను. 325వ సంవత్సరప్రాంతమున మార్చి 21వ తేదిని వచ్చుచుండిన వసంతవిషువము 1582 నాఁటికి మార్చి 11వ తేదికి జరిగెను. అందుచేఁ బోపు పదుమూఁడవ గ్రెగొరీ యాసంవత్సరమున అక్టోబరు 4వ తేది గురువారమునకు మఱునాఁటిని 15వ తేది శుక్రవారముగా నిర్ణయించెను. స్పెయిను దీనిని వెంటనే గ్రహించినది. ప్రొటెస్టంటుమతస్థు లగు ఆంగ్లేయులు 170 ఏండ్లు జాగుచేసి, 1752లో సెప్టెంబరు 2వ తేదికి మఱునాఁటిని 14వ తేదిగాఁ జేసికొనిరి.

కావున 1616లో ఇంగ్లండునందు ఏప్రిలు 23 యనఁబడిన దినము స్పెయినులో మే 3 అయినది. ఇందుకు వారమే సాక్షి. సంస్కారమునఁ దేదులు తొలఁగెనే కాని వారక్రమము చెడలేదు. స్పెయినువారి ఏప్రిలు 23 శనివారము. ఆంగ్లేయుల ఏప్రిలు 23 మంగళవారము. రెంటి నడుమఁ బది దినము లున్నవి. అంతియ కాదు. సెర్వాంటెసు 22వ తేదినే మరణించె ననియు, మాడ్రిడులోని చర్చి పట్టీయందలి 23వ తేది ఖననదినమే యనియుఁ బరిశోధకుల యభిప్రాయము. షేక్స్పియరు ఖననము స్ట్రాట్‌ఫర్డు చర్చి పట్టీలో 25వ తేదిగా నున్నది. 23 యనునది యాతని స్మారకశిలనుండి గ్రహింపఁబడినది. ఒకరికి ఖననదినమును, వేఱొకరికి మరణదినమును గైకొని, రెండు పంచాంగములను గలిపి, యీ యేకదినత్వము కల్పింపఁబడినది.

నిజమైన యేకదినత్వము లేకపోలేదు. అమెరికా యధ్యక్షులుగా నుండిన జాన్ ఆడమ్సును, జెఫర్సనును 1826 జూలై 4వ తేదిని, స్వాతంత్ర్యప్రకటనమునకు సరిగా ఏఁబదియేండ్లు నిండిననాఁడు, మరణించిరి. దేశమును, పంచాంగమును ఒక్కటియే కావున నిచట సందేహమునకుఁ దావు లేదు.

ఈ విచారము ఆంధ్రచరిత్రకును అవసరమే. తళ్ళికోటయుద్ధము 1565 జనవరి 23వ తేది మంగళవారము జరిగిన ట్లు రాబర్టు స్యూయలు 1900లో ప్రకటించిన విజయనగరచరిత్రమున వ్రాసెను. అది ప్రాఁతలెక్క. గ్రెగొరీ లెక్కను వెనుకకుఁ బొడిగించినచో నది ఫిబ్రవరి 2 అగును. మంగళవారము మాత్రము మాఱదు. లెక్కభేద మెఱుఁగక తిథిని గణించినవారికిఁ బది తిథుల ప్రమాదము తప్పదు. మన శాసనములలోఁ దిథితోడ వారమును జెక్కించిన పూర్వుల జాగరూకత యిట మెచ్చఁదగినది. తిథివారములు పొసఁగినఁగాని పరిశోధకులు కాలమును నిశ్చయింపరు.

హరి యను రూప మొక్కటియే యైనను బ్రకరణమునుబట్టి విష్ణు వనియు, సింహ మనియు, కోఁతి యనియు నర్థము మాఱును. తేదియు నట్టిదే. అది యే పంచాంగమునకుఁ జెందినదో తెలియక దాని కర్థము చెప్పరాదు.