ఎమ్మిగనూరు నేర్పిన సంఘం



మన ప్రాంతపు చరిత్ర అనగానే అందరూ ఆదోని కొండమీది కోటను చూపిస్తారు. విజయనగర రాజులు, బీజాపూరు సుల్తానులు, మొఘలులు, నిజాము ఒకరి తర్వాత ఒకరు దాన్ని ఏలారు. 1800లో నిజాము ఈ సీమను కంపెనీవారికి ఇచ్చేశాడు. ఏలినవారు పోయారు, రాళ్లు మిగిలాయి. మన పితరులు మనకు విడిచిన స్వాస్థ్యము ఆ రాళ్లేనా?

1876లో మొదలైన ధాత కరువును తలంచండి. అప్పుడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. 1871 నాటికే మద్రాసు నుండి బొంబాయికి రైలు ఆదోని మీదుగా నడుస్తోంది. రైలు వచ్చినా ధాన్యం ధర బీదవానికి అందలేదు. నేతవాని కష్టం మరీ ఎక్కువ. తిండికే లేని ఊళ్లో చీర ఎవరు కొంటారు? మగ్గం ఇంట్లోనే ఉంది, నేర్పు చేతిలోనే ఉంది, పొయ్యి మాత్రం వెలగలేదు.

కరువు తీరినా అప్పు తీరలేదు. నూలు కోసం సాహుకారు గడప తొక్కాలి. నేసిన బట్ట అతనికే, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకార సంఘాన్ని స్థాపించారు. సంఘమే నూలు ఇచ్చింది, కూలి ఇచ్చింది, బట్ట అమ్మిపెట్టింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేతగాళ్ల చేతుల్లో నేర్పు ముందునుంచీ ఉన్నదే. ఒంటరిగా ఉన్నవాళ్లు ఒక్కటయ్యారు, అంతే.

నేతపని చేసే ప్రజ్ఞను దేవుడే మనుష్యుల హృదయంలో పెట్టాడని నిర్గమకాండము 35వ అధ్యాయం చెబుతోంది. మూడు పేటలుగా పేనిన త్రాడు త్వరగా తెగదని ప్రసంగి 4వ అధ్యాయం చెబుతోంది. ఎమ్మిగనూరులో ఈ రెండు మాటలూ కలిశాయి.

మనమూ మన కూడికను సంఘమనే పిలుస్తాము. ఆ మాటకు తగినట్టు ఉన్నామా? దీపావళి దాటితే మన పల్లెల్లో సుగ్గి మొదలవుతుంది. మిరప కోతలకు గుంటూరు వైపు, పత్తి తీయడానికి తెలంగాణ వైపు కుటుంబాలు మూటలు కట్టుకొని పోతాయి. గడపలో ముసలి తల్లి మిగులుతుంది. బడికి పోవలసిన బిడ్డ కూడా తల్లి వెంట చేనుకు పోతుంది. ఆదివారం ఖాళీగా ఉన్న చాపలను చూసి, సుగ్గికి పోయారులే అని ఊరుకుంటున్నాము.

పడుగులో ఒక్క పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి, ముడి వేసి, అప్పుడే ముందుకు పోతాడు. సంఘం చేయవలసినదీ అదే. ఈ సుగ్గికి పోతున్న ఇల్లు మీ వీధిలో ఏది? ఆ ముసలితల్లికి పూట కూడు, ఆ బిడ్డ బడి మానకుండా మీ ఇంట ఒక చాప, ఇవి ఇవ్వగలరా? కోటలు కట్టే శక్తి మనకు లేదు. ముడి వేసే వేళ్లు ప్రభువు మనకిచ్చాడు.

ఆయన మీ చేతిపనిని దీవించును గాక. ఆమేన్.