లిథియం మీద అనుమానం

1968లో లండన్ వైద్య పత్రిక లాన్సెట్‌లో ఒక వ్యాసం వచ్చింది. రాసినవాళ్ళు బారీ బ్లాక్‌వెల్, మైకేల్ షెపర్డ్. ఇద్దరూ మానసిక వైద్యులే. ఉన్మాదం, కుంగుబాటు తిరగబెట్టకుండా లిథియం కాపాడుతుందన్న మాట మరో పుక్కిటి పురాణమేనా అని అందులో అడిగారు.

అనుమానం ఊరికే పుట్టింది కాదు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు, గినీ పందుల మీద చూసి, ఆ తర్వాత ఉన్మాదంలో ఉన్న పదిమందికి లిథియం ఇచ్చి, గుణం కనిపించిందని రాశాడు. యుద్ధంలో జపాన్ వాళ్ళకి చిక్కి సింగపూర్ చాంగీ చెరలో మూడేళ్ళకి పైగా గడిపొచ్చిన మనిషి. సరిగ్గా అదే ఏడు అమెరికాలో గుండె జబ్బువాళ్ళు ఉప్పుకి బదులు లిథియం క్లోరైడ్ చల్లుకుని కొందరు చనిపోయారు. దాంతో పేరు చెడింది. పైగా అది భూమిలో దొరికే ఉప్పు, పేటెంటు రాదు. మందుల కంపెనీలకి దానితో ఏం పని?

పట్టు వదలనివాడు డెన్మార్క్‌లోని మోగెన్స్ షౌ. ఆయన సొంత సోదరుడికే కుంగుబాటు మళ్ళీ మళ్ళీ వచ్చేది, లిథియంతో ఆగింది. 1967లో పౌల్ బాస్ట్రప్‌తో కలిసి 88 మంది ఆడవాళ్ళ వివరాలు ప్రకటించాడు. మందుకి ముందు ఎన్నిసార్లు జబ్బుపడ్డారు, తర్వాత ఎన్నిసార్లు అన్న లెక్క. షెపర్డ్ వర్గానికి ఇది చాల్లేదు. పోల్చడానికి మందు లేని గుంపు ఏదీ అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

ఈ చరిత్రంతా నేను చదవడానికి కారణం మా తమ్ముడు. తెనాలిలో ఉంటాడు, పదకొండేళ్ళుగా లిథియం వేసుకుంటున్నాడు. జ్వరానికని ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే, చీటీ చూసి, "జబ్బూ లేదు గిబ్బూ లేదు, ఇవన్నీ అలవాటు చేసే మందులు. పెళ్ళాంపిల్లలున్నవాడివి, మనసు గట్టి చేసుకుని మానెయ్" అన్నాడట.

అమ్మ ఇక్కడికి, న్యూజెర్సీకి ఫోన్ చేసింది. "అంత పెద్ద డాక్టరుగారు చెప్పాక మానేస్తే పోలా?"

"రక్తంలో లిథియం ఎంతుందో చూశాడా అమ్మా? కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు?"

"ఏం చూడలేదు. నాడి చూశాడు."

"అయితే మందు రాసినాయన్ని అడక్కుండా ఒక్క మాత్ర కూడా మానొద్దను."

"నువ్వు కంప్యూటర్ల డాక్టరువి నాయనా," అంది. మాస్టర్స్ డిగ్రీకి మా ఇంట్లో ఉన్న విలువ అది.

షెపర్డ్‌దీ అనుమానమే, తెనాలి డాక్టరుదీ అనుమానమే. ఒకాయన రుజువు అడిగాడు. రెండో ఆయన ఒక్క పరీక్ష కూడా రాయకుండా తీర్పిచ్చాడు. లిథియం ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలకి చేటు జరగొచ్చన్నది నిజమే, అందుకే ఆ పరీక్షలు. ఆ భయం ఆయన చెప్పి ఉంటే నేనూ కూర్చుని వినేవాణ్ణి.

షౌకి వచ్చిన చిక్కు నాకు బాగా అర్థమవుతుంది. నడుస్తున్న సిస్టమ్‌ని ఆపి చూడమంటే మా ఆఫీసులోనే ఎవరూ ఒప్పుకోరు. ఇక్కడ ఆపాల్సింది బాగున్న మనుషుల మందు. ఆపితే ఆత్మహత్య దాకా పోవచ్చు. ఆపి చూపించకపోతే లోకం నమ్మదు, ఎందరికో మందు అందదు. చివరికి బాస్ట్రప్, షౌ బృందం ఒప్పుకుంది. కనీసం ఏడాదిగా లిథియం మీద ఉన్న 84 మంది ఆడవాళ్ళలో కొందరికి ఆ మాత్రలే, కొందరికి ఉత్త మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. ఫలితం తేలగానే ఆపేసేలా లెక్క కట్టుకున్నారు. అయిదు నెలల్లో తేలిపోయింది. ఉత్త మాత్రల 39 మందిలో 21 మందికి జబ్బు తిరగబెట్టింది. లిథియం మీదున్న 45 మందిలో ఒక్కరికీ లేదు. 1970లో ఇది అదే లాన్సెట్‌లో వచ్చింది. ఆ ఏడే అమెరికా ప్రభుత్వం లిథియంని ఉన్మాదానికి మందుగా అనుమతించింది.

ఈ లెక్క అమ్మకి ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ ఇరవై ఒక్కమందినీ ఏం చేశార్రా?" అంది.

"మళ్ళీ లిథియం మొదలుపెట్టారమ్మా."