అల్పశక్తి మతప్రసార టెలివిజన్: అమెరికాలో ఊరి అనుమతి, దూరపు స్వరం

కీలకపదాలు: అల్పశక్తి టెలివిజన్, రిలే కేంద్రం, మతప్రసారం, లైసెన్సు, స్థానికత

ఉపోద్ఘాతం

టెలివిజన్ మతప్రచారాన్ని గురించిన చర్చ సాధారణంగా ప్రసంగకర్తల వాక్చాతుర్యం చుట్టూ, వారికి అందే విరాళాల చుట్టూ తిరుగుతుంది. ఆ ప్రసంగం ఊరి యాంటెన్నాకు ఏ దారిన చేరిందన్న ప్రశ్నకు అందులో చోటు తక్కువ. అమెరికాలో అటువంటి దారుల్లో ఒకటి అల్పశక్తి టెలివిజన్ కేంద్రం. స్థానిక సమాజాల గొంతుకగా తలపెట్టిన ఈ వ్యవస్థ పెద్ద మతప్రసార సంస్థల చేతిలో దూరపు స్వరాన్ని ఊరూరా అందించే సాధనంగా మారింది. ఆ మార్పులో నిబంధనల పాత్ర ఎంతో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

తెలుగు పాఠకులకు ఈ వ్యవస్థ పూర్తిగా అపరిచితం కాదు. 1980లలో దూరదర్శన్ అనేక పట్టణాల్లో నెలకొల్పిన 100 వాట్ల రిలే కేంద్రాలు కూడా అల్పశక్తి ప్రసారిణులే. టవరు మన ఊళ్లోదే, కార్యక్రమం మాత్రం ఢిల్లీది. అయితే మన దేశంలో భూతల టెలివిజన్ ప్రసారం ప్రభుత్వరంగానికే పరిమితమైంది. అందువల్ల 2008లో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రారంభించిన శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ వంటివి నేరుగా ఉపగ్రహ ఛానళ్లుగానే పుట్టాయి. ఊరి టవరుకు ప్రైవేటు మతసంస్థ లైసెన్సు పొందడం అమెరికా చరిత్రకు చెందిన విషయం.

కొండప్రాంతాల అవసరం నుంచి లాటరీ వరకు

పెద్ద కేంద్రాల సంకేతం అందని కొండప్రాంతాల కోసం ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్.సి.సి.) 1956లో ‘ట్రాన్స్‌లేటర్’ కేంద్రాలను అనుమతించింది. ఇక్కడ ఆ మాటకు అనువాదకుడని అర్థం కాదు. ఒక ఛానల్‌లో వచ్చిన సంకేతాన్ని మరో ఛానల్‌లోకి మార్చి తిరిగి ప్రసారం చేసే యంత్రమని అర్థం. సొంత కార్యక్రమాలు ప్రసారం చేసే స్వేచ్ఛ దానికి దాదాపు లేదు. 1982 నాటి నిబంధనలు ఆ స్వేచ్ఛను కల్పించడంతో అల్పశక్తి టెలివిజన్ ఒక ప్రత్యేక సేవగా రూపొందింది. అప్పట్లో ప్రసారిణి శక్తి సాధారణంగా వి.హెచ్.ఎఫ్.లో 10 వాట్లు, యు.హెచ్.ఎఫ్.లో 1,000 వాట్లు మించకూడదన్న పరిమితి ఉండేది. అనలాగ్ కాలంలో పూర్తిశక్తి యు.హెచ్.ఎఫ్. కేంద్రం యాంటెన్నా నుంచి వెలువడే ప్రభావశక్తి 50 లక్షల వాట్ల వరకు ఉండగలిగేది. ఈ రెండు అంకెలూ ఒకే కొలమానానికి చెందినవి కాకపోయినా అంతరం ఎంతటిదో వీటివల్ల బోధపడుతుంది.

దరఖాస్తులు వెల్లువెత్తాయి. వాటిని ఒక్కొక్కటిగా విచారించడం అసాధ్యమని 1983 నుంచి లాటరీ పద్ధతిని అమలుచేశారు. అల్పసంఖ్యాక వర్గాల యాజమాన్యానికి, ఇతర ప్రసారసాధనాలు అంతగా లేని దరఖాస్తుదారులకు అందులో ప్రాధాన్యం ఇచ్చారు. కొత్త గొంతులను వినిపించాలన్న ఆశయం ఇక్కడ స్పష్టం. అయితే స్థానిక కార్యక్రమాలు తప్పనిసరిగా తయారుచేయాలన్న షరతును మాత్రం విధించలేదు. తరువాతి చరిత్రకు ఈ మినహాయింపే మూలమని నా అభిప్రాయం. ఉపగ్రహ డిష్, ప్రసారిణి, టవరు ఉంటే చాలు, స్టూడియో అక్కరలేదు.

రెండు సంస్థలు

1973లో కాలిఫోర్నియాలో మొదలైన ట్రినిటీ బ్రాడ్‌కాస్టింగ్ నెట్‌వర్క్ ఈ వెసులుబాటును విస్తృతంగా వాడుకొంది. 1980లో దానికి అనుబంధంగా ‘ట్రాన్స్‌లేటర్ టి.వి.’ అనే సంస్థ ఏర్పడింది. డైరెక్టర్లలో అధికులు అల్పసంఖ్యాక వర్గాలవారు కావడంతో లాటరీ ప్రాధాన్యాన్ని అది కోరగలిగింది. ఇదే తరువాత ‘నేషనల్ మైనారిటీ టి.వి.’గా పేరు మార్చుకొని పూర్తిశక్తి కేంద్రాలను కూడా సంపాదించింది. అసలు అధికారం ట్రినిటీదేనని ఎఫ్.సి.సి. 1999లో నిర్ధారించి, మయామిలోని ట్రినిటీ కేంద్రం లైసెన్సు పునరుద్ధరణను నిరాకరించింది. 2000లో అప్పీలు న్యాయస్థానం ఆ నిరాకరణను రద్దుచేసింది. ‘నియంత్రణ’ అనే పదానికి ఎఫ్.సి.సి. చెప్పిన అర్థం సమంజసమే గాని, ఆ అర్థాన్ని సంస్థకు ముందుగా తగినంత స్పష్టంగా తెలియజేయలేదని భావించింది. పేరుకు ఒకరు, పెత్తనానికి మరొకరు అన్న ఈ వివాదం చివరికి శబ్దార్థ నిర్ణయంగా పరిణమించడం సాహిత్య విద్యార్థుల ఆసక్తికి తగిన విషయం.

త్రీ ఏంజెల్స్ బ్రాడ్‌కాస్టింగ్ నెట్‌వర్క్ కథ మరొక రకం. 1984లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని వెస్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ అనే చిన్న పట్టణ ప్రాంతంలో డానీ షెల్టన్ దీనిని స్థాపించారు. సెవెంత్ డే అడ్వెంటిస్టు విశ్వాసాన్ని బోధించినా ఇది ఆ చర్చి ఆస్తి కాదు. 1986లో ఉపగ్రహ ప్రసారం మొదలైంది. ఆ తరువాత అనేక పట్టణాల్లోని అల్పశక్తి కేంద్రాలు దాన్ని పునఃప్రసారం చేశాయి. మహానగరం నుంచి కాక మారుమూల ప్రాంతం నుంచి వెలువడిన స్వరం ఇది. అయినా అందుకొన్న ఊరికి అదీ దూరపు స్వరమే. కేబుల్ చందా కట్టలేని విశ్వాసికి మాత్రం ఆ తేడా పెద్దదిగా తోచకపోవచ్చు. ఇంటి యాంటెన్నాకు ఉచితంగా అందడమే అతనికి ముఖ్యం. పరిశోధకులు ఈ వినియోగదృష్టిని విస్మరించరాదు.

ద్వితీయ స్థాయి

అల్పశక్తి లైసెన్సుది చట్టంలో ద్వితీయ స్థానం. పూర్తిశక్తి కేంద్రానికి అంతరాయం కలిగించరాదు, దానివల్ల కలిగే అంతరాయాన్ని సహించాలి, అవసరమైతే ఛానల్ వదులుకోవాలి. 1992 కేబుల్ చట్టం నిర్దేశించిన తప్పనిసరి ప్రసారహక్కు కూడా పరిమిత సందర్భాల్లోనే వీటికి దక్కింది. 1999లో వచ్చిన చట్టం ‘క్లాస్ ఏ’ అనే రక్షిత శ్రేణిని సృష్టించింది. అందుకు రోజుకు 18 గంటల ప్రసారం, వారానికి సగటున 3 గంటల స్థానిక కార్యక్రమాలు అవసరం. 1982లో విధించని షరతు పదిహేడేళ్ల తరువాత అర్హతగా తిరిగివచ్చింది. ఉపగ్రహ సంకేతాన్ని యథాతథంగా అందించిన కేంద్రాలు సహజంగానే ఆ రక్షణకు వెలుపల మిగిలాయి.

పూర్తిశక్తి కేంద్రాల అనలాగ్ ప్రసారాలు 2009 జూన్ 12న ముగిశాయి. అల్పశక్తి కేంద్రాలకు మరింత గడువు లభించినా డిజిటల్ పరికరాల వ్యయం తప్పలేదు. 2010లో ట్రినిటీ తన అల్పశక్తి కేంద్రాలను పెద్దసంఖ్యలో నిలిపివేసింది. 2016-17 స్పెక్ట్రం వేలంలో 38 నుంచి 51 వరకు గల ఛానళ్లు టెలివిజన్ వినియోగం నుంచి తొలగిపోయాయి. క్లాస్ ఏ కేంద్రాలకు ఆ వేలంలో పాల్గొని సొమ్ము పొందే అవకాశం దక్కింది. సాధారణ అల్పశక్తి కేంద్రాలకు అది లేదు. స్థానచలన వ్యయంలో కొంత తిరిగి చెల్లించే ఏర్పాటును 2018లో చట్టం చేసింది. మిగిలిన అల్పశక్తి అనలాగ్ ప్రసారాలకు 2021 జూలై 13 తుది గడువైంది.