హౌస్ రిజల్యూషన్ 121: చట్టమే కాని ఓ తీర్మానం.. జపాన్‌ను ఎందుకంత కలవరపెట్టింది?

2007 జులై 30న అమెరికా ప్రతినిధుల సభ మూజువాణి ఓటుతో ఓ తీర్మానం పాస్ చేసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ సైన్యం ఆసియా మహిళలను లైంగిక బానిసలుగా మార్చిందని ఆ దేశ ప్రభుత్వం స్పష్టంగా ఒప్పుకోవాలి, క్షమాపణ చెప్పాలి.. ఇదీ అందులోని డిమాండ్.

ఆ మహిళలకు అప్పట్లో పెట్టిన పేరు 'కంఫర్ట్ విమెన్'. అంటే సైనికులకు ఊరట ఇచ్చేవాళ్లట! దారుణాన్ని దాచడానికి ఎంత మెత్తటి పేరో చూడండి. కొరియా, చైనా, ఫిలిప్పీన్స్, ఇప్పటి ఇండోనేషియా.. ఇలా చాలాచోట్ల నుంచి తీసుకెళ్లారు. బాధితులు 20 వేల నుంచి 2 లక్షల వరకు ఉంటారని, అంతకన్నా ఎక్కువేనని రకరకాల అంచనాలున్నాయి.

ఇంతకీ ఈ తీర్మానం తెచ్చిందెవరో తెలుసా? జపాన్ మూలాలున్న కాలిఫోర్నియా సభ్యుడు మైక్ హోండా. యుద్ధ సమయంలో జపనీస్ అమెరికన్లను నిర్బంధించినప్పుడు, పసివాడిగా కొలరాడోలోని క్యాంపులో ఉన్నారాయన. ఆ తప్పుకి అమెరికా 1988లో చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పింది. మరి జపాన్ ఎందుకు చెప్పకూడదన్నది హోండా వాదన.

అంతకుముందు లేన్ ఇవాన్స్ అనే సభ్యుడు తెచ్చిన ఇలాంటి తీర్మానం 2006లో కమిటీ దాటినా, సభలో ఓటింగ్ వరకు రాలేదు. ఈసారి సీన్ మారింది. ఫిబ్రవరి 15న ముగ్గురు బాధితులు సబ్ కమిటీ ముందు కూర్చుని మాట్లాడారు. కొరియాకు చెందిన లీ యాంగ్ సూ, కిమ్ కూన్ జా, డచ్ మహిళ జాన్ రఫ్ ఓహెర్న్. 1944లో జావాలోని ఖైదీల శిబిరం నుంచి జాన్‌ను ఎత్తుకెళ్లారు. అప్పటికి ఆమె వయసు 21. దాదాపు 50 ఏళ్లు ఆ విషయం బయటపెట్టలేదు. కొరియా బాధితులు టీవీలో మాట్లాడటం చూశాకే 1992లో నోరు విప్పారు.

జపాన్ మాత్రం 1993లోనే కోనో ప్రకటనతో క్షమాపణ చెప్పేశామంది. కానీ 2007 మార్చిలో ప్రధాని షింజో అబే బలవంతానికి ఆధారాల్లేవన్నట్టు మాట్లాడటంతో మంట రాజుకుంది. జూన్ 14న కొందరు జపాన్ నేతలు, జర్నలిస్టులు వాషింగ్టన్ పోస్ట్‌లో ఫుల్ పేజీ యాడ్ ఇచ్చి తీర్మానాన్ని తప్పుబట్టారు. అది కాస్తా బెడిసికొట్టింది. 12 రోజులకే విదేశాంగ కమిటీ 39-2 తేడాతో ఓకే చెప్పేసింది.

నిజానికి ఒక్క సభ చేసే ఇలాంటి తీర్మానం సెనేట్‌కు వెళ్లదు, అధ్యక్షుడి సంతకమూ అక్కర్లేదు. ఎవరికీ శిక్ష పడదు, పరిహారమూ రాదు. అయినా ఆపడానికి అంత కష్టపడ్డారంటే, రికార్డుల్లోకి ఎక్కే మాటకు ఎంత బరువుందో అర్థమవుతుంది. అదే ఏడాది నెదర్లాండ్స్, కెనడా పార్లమెంట్లు, డిసెంబర్‌లో యూరోపియన్ పార్లమెంట్ కూడా ఇదే బాట పట్టాయి.

2015 డిసెంబర్‌లో జపాన్, దక్షిణ కొరియా ఒప్పందం చేసుకున్నాయి. 100 కోట్ల యెన్‌లు ఇచ్చేందుకు జపాన్ ఒప్పుకుంది. తమను అడక్కుండానే డీల్ కుదుర్చుకున్నారని లీ సహా కొందరు బాధితులు మండిపడ్డారు. కిమ్ 2017లో, జాన్ 2019లో కన్నుమూశారు. 2021లో లీ, ఈ కేసును అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్లాలని సియోల్‌లో మీడియా ముందుకొచ్చి డిమాండ్ చేశారు.