ఊరి సొమ్ము, ఊరి బడి

ప్రజా విద్యకు డబ్బు ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్నకు ఆంధ్రదేశపు గ్రామస్థులూ స్వచ్ఛంద సంఘాలూ దాదాపు నూరేళ్ల పాటు ఇంచుమించు ఒకే జవాబు చెబుతూ వచ్చారు: కొంత మేమే వేసుకుంటాం, దానికి చట్టం అండ కావాలి, మిగతాది సర్కారు కలపాలి. 1850ల నడిమికాలంలో గోదావరి డెల్టా పల్లెల్లో వెలసిన పాఠశాలలు మొదలు 1948 నాటి గ్రంథాలయ పన్ను దాకా సాగిన ఈ చరిత్రను పరిశీలిస్తే, చందాలతో పుట్టిన సంస్థ పన్నుతో ఎలా నిలదొక్కుకుందో, ఏ పన్నును జనం తమదిగా భావించారో, దేన్ని తోసిపుచ్చారో తెలుస్తుంది.

కంపెనీ పాలనలో పల్లె చదువులకు ఆధారం వీధిబడి. పంతులుకు జీతమంటూ ఉండేది కాదు. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే ధాన్యమూ, పండుగ కానుకలూ, నెలకింతని ముట్టజెప్పే కొద్దిపాటి డబ్బే ఆయన జీవనోపాధి. 1854 జులైలో లండన్ నుంచి వచ్చిన ఉడ్స్ డిస్పాచ్ సహాయక గ్రాంటు పద్ధతిని ప్రవేశపెట్టింది. స్థానికులు కొంత సొమ్ము సమకూర్చుకుని, ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకుంటే, మిగిలిన ఖర్చులో ఒక భాగాన్ని ఖజానా భరించడమే ఈ పద్ధతి. క్రైస్తవ మిషన్లకూ, పట్టణాల్లోని విద్యావంతుల సంఘాలకూ ఇది బాగా ఉపకరించింది గాని, ముందుగా నిధి కూడగట్టే యంత్రాంగం లేని రైతుల గ్రామానికి అందని ద్రాక్షగానే ఉండిపోయింది.

ఆ లోటుకు విరుగుడు నరసాపురం ప్రాంతంలో దొరికింది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా రైతుల చేతిలో నాలుగు డబ్బులు ఆడేలా చేసిన ఆ రోజుల్లో, రాజమండ్రి సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ ప్రోత్సాహంతో నరసాపురం చుట్టుపట్ల పాఠశాలలు వెలిశాయి. ఏటేటా శిస్తు లెక్క తేల్చే జమాబందీలోనే బడి ఖర్చు కోసం కొంత మొత్తాన్ని అదనంగా చేర్చి వసూలు చేయడానికి రైతులు సమ్మతించారు. స్థానిక పన్నును ఇంగ్లీషులో రేటు అంటారు కాబట్టి దస్తావేజుల్లో ఇవి 'రేటు స్కూళ్లు'గా నమోదయ్యాయి. ప్రతి నెలా ఇంటింటికీ తిరిగి చందా అడిగే పని తప్పడం, పంటల మీద వచ్చే ఆదాయంతో బడి మనుగడ ముడిపడడం, పంతులుకు నికరమైన జీతం ఏర్పడడం ఈ ఏర్పాటులోని బలాలు.

అయితే సమ్మతితో మొదలైన వసూలు శిస్తుతో కలిసిపోయాక, అది స్వచ్ఛందమా నిర్బంధమా అన్న న్యాయసందేహం తలెత్తింది. ఇటువంటి వసూళ్లకు చట్టబద్ధత కల్పించేందుకే మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యా చట్టం తెచ్చి, ఊరివారు కోరుకుంటే తమ బడి కోసం తామే పన్ను వేసుకునే వీలు కల్పించింది. గోదావరి జిల్లాకు వెలుపల ఆ చట్టం పెద్దగా వేళ్లూనలేదు. ఇరుగుపొరుగు మీద పన్ను వేయించమని తానై ముందుకు వచ్చి అడిగే సాహసం ఏ ఊరి పెద్దకైనా కష్టమే.

1871 నాటి లోకల్ ఫండ్స్ చట్టం ఇందుకు పూర్తిగా ఎదురుదారి పట్టింది. కలెక్టరు అధ్యక్షుడుగా, నియమితులు సభ్యులుగా ఏర్పడిన బోర్డులు భూమి మీద సెస్సు వసూలు చేయడంతో పాటు పాఠశాలల నిమిత్తం ఇంటిపన్ను కూడా విధించవచ్చునని ఆ చట్టం చెప్పింది. అడగని పన్ను, ఎన్నుకోని బోర్డు, చూడని లెక్క కలిసి వచ్చేసరికి జనంలో వ్యతిరేకత పెల్లుబికి, ఇంటిపన్ను విషయంలో ప్రభుత్వం కొద్దికాలానికే వెనక్కి తగ్గింది.

వైస్రాయి రిప్పన్ 1882లో చేసిన స్థానిక స్వపరిపాలన తీర్మానం తర్వాత, 1884 చట్టంతో జిల్లా బోర్డులూ తాలూకా బోర్డులూ ఏర్పడ్డాయి. ఊరికి బడి కావాలన్నా, ఉన్న బడికి మరో పంతులు కావాలన్నా బోర్డు ప్రెసిడెంటుకు అర్జీ పెట్టుకోవడం అప్పటినుంచే పరిపాటి అయింది. స్థలమూ పాకా ఊరివారివి, జీతం బోర్డుది అన్న ఒప్పందం మీద ఎన్నో 'బోర్డు స్కూళ్లు' నడిచాయి. 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టం మరో అడుగు ముందుకు వేసి, స్థానిక సంస్థ విద్యాపన్ను వేస్తే అందుకు తగ్గని మొత్తాన్ని ప్రభుత్వమూ చేర్చాలని నిర్దేశించింది.

ఈ కథలో మరువరాని అన్యాయం ఒకటుంది. సెస్సు దళితుల కష్టం మీద పండిన పంట నుంచి కూడా వచ్చేది. బడి మాత్రం అగ్రహారంలోనో గుడి పంచనో ఉండడం వల్ల వారి పిల్లలకు గుమ్మం దాటే వీలుండేది కాదు. ప్రజాధనంతో నడిచే పాఠశాలలో అందరినీ చేర్చుకోవాలన్న ఉత్తర్వులు కాగితం మీద ఉన్నా, ఊరి కట్టుబాటు వాటిని చాలాచోట్ల అమలు కానివ్వలేదు. సొమ్ము ఊరిదైనంత మాత్రాన సంస్థ ఊరందరిదీ కాదని ఈ అనుభవం రుజువు చేసింది.

గ్రంథాలయోద్యమం ఈ అనుభవాల మీదనే ఎదిగింది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన మహాసభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాని వెనుక ఉన్న కార్యదక్షుడు అయ్యంకి వెంకటరమణయ్య. పిడికెడు బియ్యం, పెళ్లి కట్నాల్లో ఒక వంతు, పాత పుస్తకాల దానం వంటివే చాలా పఠనమందిరాలకు పెట్టుబడి. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలోని కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించి, ఒడ్డునున్న పల్లెవారికి చదువు అందించారు. నైజాం రాష్ట్రంలో మాత్రం సహాయం మాట అటుంచి, పనికి అనుమతి దొరకడమే గగనం కాగా, 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వంటివి ప్రజల విరాళాల మీదనే నిలిచాయి.

స్థాపించిన పెద్ద కన్నుమూస్తే పఠనమందిరం మూతపడే పరిస్థితిని చూసిన కార్యకర్తలు, శాశ్వత నిధి కోసం చట్టం కావాలని పట్టుబట్టారు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషి తోడై 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో ఈ కోవలో అదే మొదటిది. ఇంటిపన్ను రూపాయికి 6 పైల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేయాలని అది నిర్ణయించింది. ఆనాటి రూపాయికి 192 పైలు, అణాకు 12 పైలు కాబట్టి, 3 రూపాయల పన్ను కట్టే ఇంటిమీద పడే భారం అణాన్నర మాత్రమే. మద్రాసు నగరం మినహా జిల్లాల్లో వసూలైనంత మొత్తాన్ని ప్రభుత్వమూ జతచేయాలి. 1871లో జనం తిప్పికొట్టిన ఇంటిపన్ను ఆధారంగానే ఈ సెస్సు నిలబడగలగడానికి కారణాలున్నాయి: దాన్ని ముందుగా కోరింది ప్రజా సంఘాలు, భారం తక్కువ, ఖర్చు చూసే జిల్లా సంస్థలో స్థానికులకు చోటుంది.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల వేర్వేరు శాసనాల స్థానంలో 1960లో ఉమ్మడి చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలకు నేటికీ అదే పునాది. ఇప్పుడు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సును పంచాయతీలూ పురపాలక సంఘాలూ జిల్లా సంస్థకు జమచేయాలి. ఆ బకాయిలు పేరుకుపోతున్నాయన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. పాఠకుడి పేరున వసూలైన సొమ్ము పాఠకుడికి చేరకపోతే, పత్రిక కొనలేని పఠనమందిరమూ, భర్తీ కాని గ్రంథపాలకుడి ఉద్యోగమూ మిగులుతాయి. నిధిని సాధించడానికి మూడు తరాలు పడిన శ్రమకు గౌరవం దక్కాలంటే, ప్రతి పంచాయతీ తాను వసూలు చేసిన సెస్సెంత, జమచేసినదెంత అన్న లెక్కను గ్రామసభ ముందు పెట్టాలి. ఆ లెక్క అడిగే అలవాటు పన్ను కట్టేవారిలో పెరగాలి.